పాత డ్రమ్మును తూకానికి అమ్మకముందు చూడీలు లెక్కపెట్టండి

పెళ్ళిళ్ళ కాలం ముగిసి వానలు పట్టగానే బ్యాండు మేళాల వారి సామాను ఇంటి మూలకు చేరుతుంది. మా దేవరుప్పుల, పాలకుర్తి, జనగామ వైపు ఈ పనిమీద బతికే కుటుంబాలను డి.జె. పెట్టెలు ఇప్పటికే సగం కూర్చోబెట్టాయి. ఇక మిగిలిన సామానులో తాత నాటి సైడ్ డ్రమ్ము ఒకటుంటే, అది కూడా “బిగువు నిలవడం లేదు” అన్న ఒక్క కారణంతో పాత ఇనుము కొనేవాని తరాజులోకి పోతున్నది. మాకు బాధ కలిగించేది ఇదే. చాలాసార్లు చెడిపోయింది డ్రమ్ము కాదు, దానిలోని వేలెడంత నట్టు.

వాద్యాల గురించి శుక్రవారం పేజీలో రాతలేమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. నికాహ్‌ను దఫ్ మోగించి నలుగురికీ తెలియజేయమన్న మాట హదీసు గ్రంథాల్లో ఉన్నదే. తక్కిన వాద్యాల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరువేరు, ఆ చర్చ ఇక్కడ మేము ఎత్తుకోవడం లేదు. అయితే ఈ వృత్తిలో మన వారి చేతిపని ఎంత ఉన్నదో మాత్రం మరువరాదు. మీరట్‌లోని జాలీ కోఠీ వీధి బ్యాండు వాద్యాలకు దేశమంతటా పేరుపడింది. అక్కడ 1885లో నాదిర్ అలీ పేరిట మొదలైన సంస్థ ఆ పేరుకు పునాది. మన హైదరాబాదు మర్ఫా సంగతి సరేసరి. అరబ్బులతో, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో అది ఇక్కడికి చేరింది.

ఇక అసలు విషయానికి వద్దాం. డ్రమ్ము మొరాయిస్తే ముందు ఏ భాగం మొరాయిస్తున్నదో తేల్చుకోవాలి. అడుగున ఉండే స్ప్రింగు తీగలను మీట వేసి వదులు చేయండి, ఆపై వాయించండి. జుయ్‌మనే రొద ఆగిపోతే లోపం తీగలదో, వాటిని లాగి పట్టే తాడుదో. తీగలు వదిలినా రొద ఆగకపోతే బాడీ చుట్టూ బిగించిన నట్టు గూళ్ళను ఒక్కొక్కటిగా వేలితో అదిమి పట్టి వాయించి చూడాలి. పాత రకం గూళ్ళలో నట్టును నిలబెట్టేందుకు లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. అది బోలుగా ఉండి మోగుతుంది. గూడు విప్పి ఆ స్ప్రింగు చుట్టూ ఇంత దూది కూరితే రొద పోతుంది. రూపాయి ఖర్చులేని మరమ్మతు ఇది!

బిగించిన కాసేపటికే ఒకవైపు వదులవుతుంటే రింగును తీసి షాబాద్ బండపై పరచండి. నేలకు ఆనక ఊగిందంటే రింగు వంగిందన్నమాట. ఊగకపోతే తప్పు చూడీలది. ఉర్దూలో చూడీ అంటే గాజు. బోల్టు మీది మరలకు కూడా పనివాళ్ళు అదే పేరు పెట్టారు, గాజుల వరుసలా కనబడటం వల్లనే కాబోలు. పేచ్‌కస్, చాబీ, పక్కర్ - వర్క్‌షాపు భాష మదర్సా గడప తొక్కనివారికి కూడా ఇంత ఉర్దూ నేర్పింది.

ఈ చూడీల దగ్గరే మనవాళ్ళు డ్రమ్మును చేతులారా చంపుకుంటున్నారు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1841లో మరలకు ఒక కొలత ప్రతిపాదించాడు. అది అంగుళాల లెక్క. పాత ఇంగ్లీషు సరుకులోనూ దాన్ని చూసి చేసిన సరుకులోనూ ఈ అంగుళాల మరలు తరచు కనబడతాయి. మన దేశం 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది. నేడు హార్డ్‌వేర్ దుకాణంలో బోల్టు అడిగితే సాధారణంగా ఇచ్చేది ఆరు మిల్లీమీటర్లది. పావు అంగుళం విట్‌వర్త్ బోల్టు లావు 6.35 మిల్లీమీటర్లు, ఒక మరకూ మరో మరకూ ఎడం 1.27 మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్ల బోల్టులో ఆ ఎడం ఒక్క మిల్లీమీటరే. చూపుకు రెండూ ఒకటే. కొత్త బోల్టు పాత నట్టులో కొన్ని చుట్లు వదులుగా తిరుగుతుంది, ఆ తర్వాత పట్టేస్తుంది. “తుప్పు పట్టింది, ఇంకాస్త తిప్పు” అని పాన వేసి తిప్పితే నట్టు లోపలి చూడీలు తుడిచిపెట్టుకు పోతాయి.

కనుక స్కూలు పిల్లల స్కేలు పక్కన బోల్టును ఆనించి ఒక్క అంగుళంలో ఎన్ని మరలున్నవో లెక్కపెట్టాలి. ఇరవై ఉంటే పావు అంగుళం ఇంగ్లీషుది. ఇరవై నాలుగు ఉండి లావు అయిదున్నర మిల్లీమీటర్లే ఉంటే అమెరికా రకం, ఇప్పటి డ్రమ్ముల్లో ఎక్కువ చోట్ల అదే. ఇరవై అయిదు దాటి లావు ఆరుంటే మెట్రిక్. కళ్ళజోడు పెట్టుకుని లెక్కించవలసిన పనే గాని, విద్య ఏమీ కాదు.

నట్టు మామూలుగా ఇత్తడిది, బోల్టు ఉక్కుది. మెత్తనిది ముందు అరగాలి, గట్టిది నిలవాలి. అందుకే అలా చేస్తారు. అరిగిన నట్టుతోపాటు బాగున్న బోల్టు ఒకటి లేత్ మిషన్ వానికి చూపితే ఇత్తడి కడ్డీ నుంచి కొత్త నట్టు తీసి ఇస్తాడు. పెంబర్తి దగ్గరే ఉండగా లేత్ ఎందుకని మన జనగామ వాళ్ళు అంటారు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరుదానులు చేసిన ఊరు అది. అయితే వారి పేరు రేకు పనికి. సొట్టపడిన ఇత్తడి బాడీని సాపు చేయించవలసి వస్తే వారిని అడగండి, మర కోయించడానికి మాత్రం లేత్ వాని దగ్గరికే పోండి. నట్టు గూడు పగిలితే గ్యాస్ వెల్డింగుకు ఇవ్వకండి. అది తరచు జింకు కలిసిన పోత లోహం. నాలుగు వందల డిగ్రీల లోపే కరిగిపోతుంది, మంట తగలగానే ముద్దవుతుంది. గూడు మార్చుకోవడమే దారి.

తుప్పు పట్టిన బోల్టును రాత్రంతా కిరోసిన్‌లో ఉంచి పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే చాలు. మెరుపు పూత ఉన్న రింగుపై గరుకు కాగితం వాడరాదు, పూత లేచిపోతుంది. క్రోమియం పూతైతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితాన్ని నీటితో తడిపి రుద్దండి. ఆ కాగితం అల్యూమినియం, క్రోమియం కంటే మెత్తన, కనుక గీత పడదు. బిగించే ముందు మరలకు ఇంత గ్రీజు రాయాలి. మన ఇళ్ళలో చేతికందేది కొబ్బరినూనె గాని, చలికి అదే గడ్డకడుతుంది, దుమ్మునూ పట్టి ఉంచుతుంది. చాబీ లేదని పక్కర్‌తో తిప్పితే బోల్టు నలుపలకల తల గుండ్రమై తర్వాత ఏ చాబీకీ దొరకదు.

బిగించేటప్పుడు వరుసగా కాకుండా ఒకదానికి ఎదురుగా ఉన్నది, ఆపై దాని పక్కది, మళ్ళీ దాని ఎదురుది, సగం చుట్టు చొప్పున తిప్పుకుంటూ పోవాలి. తీగల తాడు కడపట కట్టాలి, రెండు కొసలూ సమంగా లాగి. మేకతోలు డ్రమ్మయితే వాన వెలిసిన తర్వాతే బిగువు చూసుకోండి. 1957 నుంచి అమెరికాలో వాడుకలోకి వచ్చిన ప్లాస్టిక్ పొరకైతే ఆ బాధ లేదు.