కరివేపాకు కొమ్మ, గాజు సీసా, ఒక గొంగళిపురుగు

కరివేపాకు మొక్క కొత్త చిగురు వేసిన కొద్ది రోజులకే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. చిగురంతా కొరికేస్తున్న పురుగుల్ని ఏరి అవతల పారేయాలని పెద్దవాళ్లు అంటారు. ఒక్కదాన్నయినా సీసాలో పెట్టి పెంచుకుంటామని పిల్లలు మారాం చేస్తారు. ఈ వ్యాసం పిల్లల పక్షం. కుక్కపిల్లను తెమ్మంటే అపార్ట్‌మెంటులో ఎలా అంటాం. రామచిలుకను పంజరంలో పెట్టడానికి చట్టమే ఒప్పుకోదు. గొంగళిపురుగుకైతే రోజుకు నాలుగు ఆకులు చాలు. నెల తిరిగేసరికి అది ఎగిరిపోతుంది కూడా. ఆ నెల రోజుల్లో సీసాలో జరిగేది సామాన్యమైన సంగతి కాదు. మూడున్నర శతాబ్దాలుగా శాస్త్రవేత్తలు దాని వెనక పడ్డారు, ఇప్పటికీ పూర్తిగా తేల్చలేదు.

మన పెరళ్లలో కరివేపాకు, నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు చెట్ల మీద కనిపించే ఈ పురుగులు ఎక్కువగా రెండు రకాల సీతాకోకచిలుకల పిల్లలు. ఒకటి లైమ్ బటర్‌ఫ్లై. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్కల మీద ఒక ఎర్ర మచ్చ ఉంటాయి. రెండోది కామన్ మోర్మన్. ఇది నల్లగా ఉంటుంది, వెనక రెక్కలకు చిన్న తోకలుంటాయి. రెండూ పాపిలియో అనే ప్రజాతిలోవే. అమెరికాలో టెక్సస్, ఫ్లోరిడా ప్రాంతాల్లో ఉండే తెలుగువాళ్లు నిమ్మ కుండీల మీద చూసే జెయింట్ స్వాలోటెయిల్ పురుగు కూడా వీటి దగ్గరి చుట్టమే.

తల్లి చిలుక గుడ్డు పెట్టే తీరు పిల్లలకు తప్పక చూపించాలి. అది మొక్క చుట్టూ రెపరెపలాడుతూ తిరుగుతుంది. ఒక ఆకు మీద వాలీ వాలనట్టు వాలి, ముందు కాళ్లతో టకటకా తడుతుంది. అది ఆకును రుచి చూస్తోందన్నమాట. దాని ముందు కాళ్లలోనే రుచి తెలిసే కణాలున్నాయి. వీటికి చుట్టమైన పాపిలియో జూథస్ మీద పనిచేసిన జపాన్ పరిశోధకులు, నిమ్మజాతి ఆకుల్లో ఉండే సినెఫ్రిన్ అనే రసాయనాన్ని గుర్తుపట్టే గ్రాహకాన్ని ఆ కాళ్లలో కనిపెట్టి 2011లో ప్రకటించారు. రుచి కుదిరితే తల్లి లేత ఆకు మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి, ఇంకో చిగురు వెతుక్కుంటూ వెళ్తుంది. గుడ్డు లేత పసుపు రంగులో, గుండ్రంగా, మిల్లీమీటరు వెడల్పుంటుంది. మూడు నాలుగు రోజుల్లో నల్లబడుతుంది. భూతద్దంలో చూస్తే పెంకు కింద చిన్న తల కదులుతూ కనబడుతుంది. బయటపడ్డ పురుగు మొదట తినేది సాధారణంగా తన గుడ్డు పెంకునే.

కొత్తగా పుట్టిన పురుగును చాలామంది పురుగనే అనుకోరు, ఆకు మీద పిట్ట రెట్ట పడిందనుకుంటారు. ముదురు గోధుమ రంగు, మధ్యలో తెల్లటి పట్టీ, తడి తడిగా మెరుపు. పిట్టలు కూడా అలాగే అనుకుని వదిలేస్తాయి. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. నాలుగోసారి విడిచి బయటికొచ్చేటప్పటికి రెట్ట వేషం పోయి నిండు ఆకుపచ్చగా తయారవుతుంది. అప్పటికి రెట్ట అని నమ్మించడానికి అది మరీ పెద్దదైపోయింది కదా, ఇక ఆకులో ఆకుగా కలిసిపోవడమే మేలు. ఈ మార్పుకు సమయం వచ్చిందని దానికెలా తెలుస్తుంది? దీనికి కూడా 2008లో జపాన్‌లోనే జవాబు దొరికింది. పురుగు ఒంట్లో జువెనైల్ హార్మోన్ అనేది ఉంటుంది. నాలుగో దశ మొదట్లో దాని మోతాదు పడిపోతుంది. అదే తర్వాతి చర్మానికి పచ్చరంగు వేయమనే సంకేతం. ఆ సమయంలో పురుగుకు అలాంటి హార్మోన్‌ను పైనుంచి పూస్తే, ఐదో దశలోనూ అది రెట్ట వేషంలోనే ఉండిపోయింది.

వేలు తగిలితే తల వెనకనుంచి రెండు పాయల నారింజ రంగు కొమ్ము ఒకటి ఠక్కున బయటికొస్తుంది. దాన్ని ఆస్మెటీరియం అంటారు. ఘాటైన వాసన కొడుతుంది. చీమలను, చిన్న శత్రువులను బెదరగొట్టడానికి ఈ ఏర్పాటు. పిల్లలు దీన్ని మళ్లీ మళ్లీ చూడాలని పొడుస్తారు. ఒకసారి చూడనిచ్చి ఆపండి. ప్రతిసారీ ఆ పురుగు నిజంగానే భయపడుతోంది, ఆ వాసన తయారుచేయడానికి తిన్న తిండి ఖర్చవుతోంది.

పెంపకం కష్టం కాదు గానీ కొన్ని జాగ్రత్తలు కావాలి. బజారులో కొన్న కరివేపాకు వేయొద్దు. దాని మీద పురుగుమందు ఆనవాళ్లుంటే మధ్యాహ్నానికల్లా పురుగు చచ్చిపోవచ్చు. ఇంటి మొక్క నుంచే చిన్న కొమ్మ తుంచి, నీళ్లున్న సీసాలో నిలబెట్టి, మూతి చుట్టూ దూది కూరండి. లేకపోతే పురుగు కాడ వెంబడి దిగి నీళ్లలో పడుతుంది. పైన దోమతెర గుడ్డ కప్పితే చాలు. కొమ్మ మార్చేటప్పుడు పురుగును చేత్తో లాగకుండా, అది కూర్చున్న ఆకుతో సహా కత్తిరించి కొత్త కొమ్మ మీద పెట్టాలి. కింద రాలిన లద్దెను రోజూ ఊడ్చేయాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆ ఊడ్చే పని పిల్లలదే. ప్రాణాన్ని పెంచుకోవడమంటే తిండి పెట్టడమొక్కటే కాదని అయిదేళ్ల పిల్లలకు కూడా ఆ పని వల్ల తెలిసొస్తుంది.

చర్మం విడిచే ముందు పురుగు ఒక రోజంతా తిండి మానేసి కదలకుండా కూర్చుంటుంది. హిందూపురం, పలమనేరు వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పురుగులు జ్వరానికి కూర్చున్నాయని అక్కడి రైతులు అప్పుడు మేత ఆపేస్తారు. సీసా పెట్టుకున్న ఇంట్లో మాత్రం పిల్లలు బెంగపడిపోతారు. జబ్బు చేసిందనుకుని కదిపితే పట్టు తప్పిపోయి పాత చర్మంలో ఇరుక్కుపోతుంది. దాని మానాన దాన్ని వదిలేయాలి.

ఇంతకన్నా పెద్ద కంగారు పుట్టించే రోజు ఇంకొకటుంది. గుడ్డు పగిలిన రెండు వారాలకు, పుట్టినప్పటికన్నా వెయ్యి రెట్లకు పైగా బరువు పెరిగిన పురుగు ఉన్నట్టుండి ఆకు ముట్టదు. నీళ్ల విరేచనం లాంటిది పెట్టుకుని, సీసా దిగి, గోడలెక్కుతూ పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. అది జబ్బు కాదు. కడుపు ఖాళీ చేసుకుని ప్యూపాగా మారడానికి చోటు వెతుక్కుంటోంది. ఇక్కడి నుంచి ఇంట్లో అందరూ కూర్చుని చూడాల్సిన ఘట్టం. నచ్చిన పుల్ల దొరగ్గానే నోటి దగ్గరి గ్రంథి నుంచి పట్టుదారం తీసి ముందు ఒక మెత్త అల్లుతుంది. వెనక కాళ్లను దానికి తగిలించుకుంటుంది. తర్వాత తలను అటూ ఇటూ వంచుతూ, పుల్లకు అటొక కొస, ఇటొక కొస అంటించి, తన వీపు వెనకగా దారం లాక్కుంటుంది. అలా ఎన్నో పోగులు. చివరికి తాటిచెట్టు మీద నడుము చుట్టూ మోకు వేసుకుని వెనక్కి వాలిన గీత కార్మికుడిలాగే ఉంటుంది. మర్నాడు, లేదా ఆ మర్నాడు, వీపు మీద చర్మం చిట్లుతుంది. లోపలున్న ప్యూపా మెలికలు తిరుగుతూ పాత చర్మాన్ని కిందికి నెట్టుకుంటుంది. అన్నిటికన్నా కష్టమైన క్షణం చివర్లో ఉంది. తోకను చర్మంలోంచి బయటికి లాగి, తోక చివరనున్న సన్నటి కొక్కేలను ఆ పట్టు మెత్తలోకి దిగేయాలి. అంతసేపూ దాన్ని పడిపోకుండా ఆపేది ఆ వీపు దారమే. ఇదంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

పిల్లలతో చేయించదగ్గ ప్రయోగం ఒకటి ఇక్కడుంది. ఆకులున్న నున్నటి పచ్చి కొమ్మ మీద ప్యూపా ఎక్కువగా పచ్చగా, గరుకైన ఎండు పుల్ల మీద ఎక్కువగా గోధుమ రంగులో తయారవుతుంది. రెండు సీసాల్లో రెండు రకాల పుల్లలు పెట్టి చూడమనండి. ఫలితం ప్రతిసారీ అలాగే రాదు. రానప్పుడు ఎందుకు రాలేదని అడగడం మొదలవుతుంది, అది ఇంకా మంచిది.

ప్యూపాలో ఏం జరుగుతుంది? పురుగంతా కరిగి చారైపోయి, ఆ చారు నుంచి చిలుక పుడుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. అది సగం నిజం. కండరాలు, జీర్ణవ్యవస్థ చాలావరకు విచ్ఛిన్నమై మళ్లీ తయారవుతాయి. అయితే రెక్కలు, కాళ్లు, కళ్ల వంటివి కొత్తగా ఎక్కడినుంచో ఊడిపడవు. వాటికి కావలసిన కణాలు చిన్న చిన్న గుంపులుగా పురుగు ఒంట్లో ముందునుంచే ఉంటాయి. వాటిని ఇమాజినల్ డిస్కులంటారు. గొంగళిపురుగు, చిలుక వేరువేరు జీవులు కావని, ఒకదానిలోనే ఇంకొకటి రూపు దిద్దుకుంటుందని ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన యాన్ స్వామర్‌డామ్ 17వ శతాబ్దంలోనే పురుగుల్ని కోసి చూపించాడు. 2013లో బ్రిటన్ పరిశోధకులు ప్యూపాను కోయకుండా, ప్రాణంతో ఉండగానే ఎక్స్-రే స్కానింగ్ చేసి రోజురోజు మార్పులు చూశారు. గాలి గొట్టాల వ్యవస్థ మొదటి రోజుల్లోనే స్పష్టంగా కనిపించింది. ఈ మొత్తం తతంగాన్ని నడిపించే ఇంకో హార్మోన్ ఎక్డైసోన్. దాన్ని శుద్ధ రూపంలో మొదటిసారి వేరుచేసింది 1954లో, జర్మనీలో బూటెనాంట్, కార్ల్‌సన్. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి వాళ్లకు దక్కింది 25 మిల్లీగ్రాములు.

ఈ చరిత్రలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఒక పదమూడేళ్ల పిల్ల. మరియా సిబిల్లా మేరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. పదమూడో ఏట పట్టుపురుగులతో మొదలుపెట్టి, దొరికిన గొంగళిపురుగునల్లా ఇంట్లో పెంచింది. ఏది ఏ ఆకు తింటుంది, ఎప్పుడు చర్మం విడుస్తుంది, ఏ చిలుకవుతుంది, అన్నీ రాసుకుంది, బొమ్మలు వేసుకుంది. కుళ్లిన పదార్థాల నుంచి, బురద నుంచి పురుగులు వాటంతటవే పుడతాయని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్న కాలమది. 1679లో ఆమె వేసిన పుస్తకంలో 50 చిత్రాలున్నాయి. చాలావాటిలో పురుగు, ప్యూపా, చిలుక అన్నీ అది తినే మొక్క మీదే కలిసి కనిపిస్తాయి. ఇవాళ బడి పుస్తకంలో మనం చూసే జీవితచక్రం బొమ్మకు మూలం అక్కడుంది. ఇల్లు, పిల్లలు, సంసారం మధ్యే ఈ పని సాగింది. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్న కూతురు డొరోతియాను వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సూరినామ్ వెళ్లింది. అక్కడి పురుగుల మీద ఆమె పుస్తకం 1705లో వచ్చింది. చిన్నప్పటి సరదాను పెద్దయ్యాక వదలకపోతే ఎక్కడిదాకా తీసుకుపోతుందో చెప్పడానికి నాకింతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

"అమ్మా, ఎగిరిపోయాక అది మనల్ని గుర్తుపెట్టుకుంటుందా?" అని పిల్లలు అడుగుతారు. మనల్ని కాదు గానీ, కొంత గుర్తుండే అవకాశమైతే ఉంది. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పొగాకు హార్న్‌వర్మ్ పురుగులకు ఒక వాసన చూపిస్తూ చిన్న విద్యుత్ షాక్ ఇచ్చారు. చివరి దశలో ఇలా నేర్చుకున్న పురుగులు రెక్కల పురుగులుగా మారాక కూడా చాలావరకు ఆ వాసనకు దూరంగా జరిగాయి. ఇంకా చిన్న దశలో నేర్చుకున్నవాటికి అది నిలవలేదు. ఈ ఫలితం 2008లో వెలువడింది. మెదడు కూడా బాగా మారిపోయే ఆ దశలో ఏదో కొంత చెక్కుచెదరకుండా మిగిలిందన్నమాట.

అన్ని ప్యూపాల నుంచీ చిలుకలు రావు, ఆ మాట పిల్లలకు ముందే చెప్పాలి. టెరోమాలస్ అనే బుల్లి కందిరీగ, అప్పుడే మెత్తగా ఉన్న ప్యూపాలో గుడ్లు పెడుతుంది. కొన్నాళ్లకు పెంకుకు సన్నటి కన్నం పడి డజన్ల కొద్దీ బుల్లి ఈగల్లాంటివి బయటికొస్తాయి. కొన్ని గొంగళిపురుగుల ఒంట్లోంచి ఈగలు బయటపడటం మేరియన్ కూడా చూసి రాసిపెట్టింది. రోజూ లద్దె ఊడ్చిన పిల్లకు ఆ దృశ్యం ఏడుపు తెప్పిస్తుంది. "పోనీలే, ఇంకోటి పెంచుదాం" అని తేల్చేయకండి. ఏడవనివ్వండి. తర్వాత ఆ కందిరీగల్ని కూడా భూతద్దంలో చూపించండి. తోటల్లో పురుగులు మితిమీరకుండా అదుపు చేసేది ఇలాంటివే.

అంతా సవ్యంగా సాగితే, వేసవి వేడిలో పది రోజుల లోపే, చలికాలంలో ఇంకొంత ఆలస్యంగా ప్యూపా నల్లబడి, పెంకులోంచి రెక్కల రంగులు కనిపిస్తాయి. సాధారణంగా ఉదయం పూట చిట్లుతుంది. బయటికొచ్చేటప్పుడు రెక్కలు ముడతలుపడి, తడిగా, చిన్నవిగా ఉంటాయి. చిలుక వేలాడుతూ ఒంట్లోని రక్తద్రవాన్ని రెక్కల నాళాల్లోకి పంపితే అవి విచ్చుకుంటాయి. వేలాడటానికి ఖాళీ లేకపోతే రెక్కలు వంకరగానే గట్టిపడిపోతాయి, అందుకే సీసా పొడుగ్గా ఉండాలి. అప్పుడు రాలే ఎర్రటి చుక్కలను చూసి రక్తమని భయపడొద్దు, ప్యూపాలో పేరుకున్న వ్యర్థమది. కామన్ మోర్మన్ ఆడ చిలుకైతే ఇంకో వింత. కొన్ని మగవాటిలాగే ఉంటాయి. కొన్ని మాత్రం విషం నిండిన రోజ్ జాతి చిలుకల రూపంలో, ఎర్ర మచ్చలతో వస్తాయి. ఈ వేషాల తేడాను నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని బెంగళూరు శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటె బృందం 2014లో తేల్చింది.

రెక్కలు గట్టిపడటానికి గంటా రెండు గంటలు పడుతుంది. ఆ తర్వాత దోమతెర తీసేయండి. కరివేపాకు చిగురు అయిపోతే, రేల చెట్టు మీద లేత పసుపు ఎమిగ్రెంట్ చిలుకల ఆకుపచ్చ పురుగులు, జిల్లేడు మీద నలుపు పసుపు పట్టీల ప్లెయిన్ టైగర్ పురుగులు దొరుకుతాయి. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు కాబట్టి ఆ ఆకులు పెద్దవాళ్లే కోయాలి. మునగ చెట్టు బోదెకు గుంపులుగా పట్టుకునే బొచ్చు పురుగుల్ని మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు, ఆ వెంట్రుకలు గుచ్చుకుంటే ఒళ్లంతా దద్దుర్లు తేలతాయి.