ల్యాప్‌టాప్ లేవట్లేదా? ఎక్కడ ఆగిందో చూడండి!

పవర్ బటన్ నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కారు. ఊహూఁ! రేపేమో ప్రాజెక్ట్ రివ్యూ. రిపోర్ట్ అందులోనే ఉంది. అక్క పెళ్లి ఫొటోలూ అందులోనే. షాపుకి పట్టుకెళ్తే ‘మదర్‌బోర్డ్ పోయింది, కొత్తది కొనుక్కోండి’ అంటారేమోనని గుబులు.

కంగారు పడకండి. ‘ఆన్ అవ్వట్లేదు’ అన్నది జబ్బు పేరు కాదు. ‘ఒంట్లో బాలేదు’ అనడం లాంటిది. జ్వరమో, కడుపునొప్పో తేలాలి కదా! ల్యాప్‌టాప్ లేచేటప్పుడు కొన్ని పనులు వరసగా చేస్తుంది. ముందు కరెంటు అందుకుంటుంది. తర్వాత ప్రాసెసర్, ర్యామ్ లాంటివి బాగున్నాయో లేదో తనే చూసుకుంటుంది. స్క్రీన్ మీద కంపెనీ లోగో చూపిస్తుంది. డిస్క్‌ని వెతుకుతుంది. చివరికి విండోస్‌ని లోడ్ చేస్తుంది. ఈ వరసలో ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని.

ఇంకో మాట. ల్యాప్‌టాప్ పోయినంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. పాత ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎక్కువగా విడి భాగమే. మదర్‌బోర్డ్ కాలిపోయినా, స్క్రీన్ పగిలినా అందులోని ఫొటోలు చాలాసార్లు భద్రంగానే ఉంటాయి.

లైటే వెలగకపోతే...

ముందు ప్లగ్ పాయింట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. తర్వాత అడాప్టర్ సంగతి. ఫ్రెండ్ దగ్గర ఇంకోటి తెచ్చి పెట్టేముందు వెనకున్న లేబుల్ చదవండి. వోల్టులు రెండింటికీ ఒకటే ఉండాలి. ఆంపియర్లు మీదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. పిన్ సరిగ్గా పట్టింది కదా అని వోల్టేజ్ చూడకుండా గుచ్చేస్తే ఉన్న రోగానికి కొత్త రోగం తోడవుతుంది.

అడాప్టర్ బాగానే ఉంటే, ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడొచ్చే రకమైతే అదీ తీయండి. పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కాస్త కరెంటూ ఖాళీ అయిపోతుంది. ఇప్పుడు బ్యాటరీ పెట్టకుండా ఛార్జర్ మాత్రమే తగిలించి ఆన్ చేయండి. చాలా ల్యాప్‌టాప్‌లు ఈ ఒక్క చిట్కాతోనే లేస్తాయి. బ్యాటరీ పెట్టగానే మళ్లీ మొండికేస్తే దొంగ ఎవరో తెలిసిపోయినట్టే.

టచ్‌ప్యాడ్ పైకి ఉబికిందా? అడుగుభాగం ఉబ్బెత్తుగా ఉందా? అయితే బ్యాటరీ ఉబ్బినట్టు. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. అంటుకునే ప్రమాదం ఉంది. నేరుగా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

లైటు ఉంది, బొమ్మ లేదు

ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తోందా? క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల మెషిన్ పనిచేస్తున్నట్టే. అనుమానం స్క్రీన్ మీదికి మళ్లుతుంది. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని స్క్రీన్ మీద ఏటవాలుగా వేయండి. అక్షరాలు మసగ్గా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైటే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలిపినా తేలిపోతుంది. టీవీలో బొమ్మ వస్తే మీ ఫైళ్లు అక్కడే చూసి కాపీ చేసుకోవచ్చు.

బీప్‌మని చప్పుడొచ్చినా, లైటు ఆగి ఆగి మెరిసినా లెక్కపెట్టండి. అది తన బాధ చెప్పుకుంటోంది. ఎన్నిసార్లు వస్తే ఏ అర్థమో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలాసార్లు ర్యామ్ వైపే వేలు చూపిస్తుంది. వెనక మూత సులువుగా వచ్చే మోడల్ అయితే ఛార్జర్ పీకి, బ్యాటరీ కనెక్షన్ తీసి, ర్యామ్‌ని బయటకు తీయండి. బంగారు రంగు అంచుని మెత్తని రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి బట్టతో తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడండి. కొన్ని పలచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. వాటి జోలికి వెళ్లొద్దు.

లోగో దగ్గరే ఆగిపోతే...

ఇది కాస్త ఊరటే. కరెంటు, ర్యామ్, స్క్రీన్ బాగానే ఉన్నాయన్నమాట. ముందు పెన్‌డ్రైవ్‌లూ, మెమొరీ కార్డులూ పీకేసి ఆన్ చేయండి. అందులోంచి లేవబోయి ఆగిపోయి ఉండొచ్చు. బూట్ డివైజ్ దొరకలేదని మెసేజ్ వస్తే ఆన్ చేస్తూనే ఎఫ్2, ఎఫ్10, డిలీట్... మీ మోడల్‌కి ఏది పనిచేస్తే అది నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ డిస్క్ పేరు కనిపిస్తోందా? కనిపిస్తే తేడా విండోస్‌లో ఉండొచ్చు. లేకపోతే డిస్క్‌దో, దాని కనెక్షన్‌దో.

టక్... టక్... అని చప్పుడొస్తోందా? వెంటనే ఆపేయండి. హార్డ్‌డిస్క్ చివరి రోజుల్లో చేసే శబ్దమది. మళ్లీ మళ్లీ ఆన్ చేసేకొద్దీ డేటా దక్కే అవకాశం తగ్గిపోతుంది. ముఖ్యమైన ఫైళ్లుంటే డేటా రికవరీ చేసేవాళ్లకే అప్పగించండి.

ఫైళ్లు ముందు, విండోస్ తర్వాత

చప్పుడేమీ లేకపోతే, రిపేరు మొదలుపెట్టేముందు ఫైళ్లు బయటకు తీయండి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ మింట్ ఎక్కించండి. రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త. దాంతో మీ ల్యాప్‌టాప్‌ని ఆన్ చేసినప్పుడు ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకండి. పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. మీ ఫోల్డర్లు తెరిచి ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి చూడండి, చాలామందికి అక్కడే దొరుకుతుంది.

అసలు ల్యాప్‌టాపే లేవకపోతే డిస్క్ విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ఈ కేబుల్ దొరుకుతుంది.

ఆ తర్వాత విండోస్ సంగతి. లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి. వరసగా రెండు మూడుసార్లు ఇలా చేస్తే రిపేర్ స్క్రీన్ దానంతటదే వస్తుంది. స్టార్టప్ రిపేర్, కొత్త అప్‌డేట్ తీసేయడం, సేఫ్ మోడ్... ఈ వరసలో ప్రయత్నించండి. రీసెట్ మాత్రం ఆఖర్న.

షాపుకి వెళ్లాల్సి వస్తే...

‘ఆన్ అవ్వట్లేదు’ అనకండి. ‘లైటు వస్తోంది, ఫ్యాన్ తిరుగుతోంది, టీవీకి పెట్టినా బొమ్మ లేదు, ర్యామ్ మార్చి చూశాను’ అనండి. ఏం చూశారో చెప్పేవాళ్లకి ఏదో ఒకటి చెప్పి పంపడం కష్టం. ‘ఫార్మాట్ చేయొద్దు’ అని రసీదు మీద రాయించండి. మార్చిన పాత పార్టు తిరిగి ఇమ్మనండి. బోర్డు రిపేరే అయితే డిస్క్ తీసి ఇంట్లోనే ఉంచుకోండి.

మదర్‌బోర్డ్ నిజంగానే పోతే, అలాంటి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఎంతకొస్తుందో కనుక్కున్నాకే రిపేరుకి ఒప్పుకోండి. ఇంకోటి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. చాలా పాత ల్యాప్‌టాప్‌లు విండోస్ 11కి పనికిరావు. వాటిని పారేయక్కర్లేదు. ఒక ఎస్‌ఎస్‌డీ వేసి, లైనక్స్ మింట్ పెడితే చదువుకీ, కోడింగ్‌కీ ఇంకొన్నేళ్లు పనికొస్తాయి.

ఇవన్నీ చేశాక మీ ల్యాప్‌టాప్ లేచిందా? సంతోషం. కానీ ఇప్పుడే షట్‌డౌన్ కొట్టకండి. ముందు ఆ రిపోర్ట్‌నీ, పెళ్లి ఫొటోల్నీ ఇంకోచోట కాపీ చేయండి. రేపు మళ్లీ లేస్తుందో లేదో!