మూడుల్ కోర్సు బ్యాకప్‌ల బదిలీ

మూడుల్ అనునది ఇంటర్నెట్ ద్వారా పాఠాలు బోధించుటకు ఉపయోగపడే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ దీనిని రూపొందించాడు. తొలి వెర్షను 2002 ఆగస్టులో విడుదలైనది. ఒక కోర్సులోని పాఠాలు, ప్రశ్నలు, విద్యార్థుల జవాబులు, మార్కులు ఒకే ఫైలుగా భద్రపరచుటను కోర్సు బ్యాకప్ అంటారు.

ఫైలు స్వరూపంలో మార్పు

1.9 వెర్షను బ్యాకప్ జిప్ ఫైలుగా ఉండేది. 2010 నవంబరులో వచ్చిన 2.0 వెర్షనులో బ్యాకప్ విధానాన్ని తిరగరాసి, ఎంబీజెడ్ అనే కొత్త ఫైలు రకాన్ని ప్రవేశపెట్టారు. అందుచేత పాత బ్యాకప్‌లు 2.0లో తెరచుకొనలేదు. 2011లో వచ్చిన 2.1 వెర్షను ఈ లోటును కొంతవరకే తీర్చినది. దానిలో పాఠాలు తిరిగి వచ్చేవి గాని, విద్యార్థుల జవాబులు, మార్కులు వచ్చేవి కావు.

బదిలీ విధానం

మార్కులు కూడా నిలుపుకొనుటకు ఈ క్రమాన్ని పాటించాలి.
* పాత బ్యాకప్‌ను ముందుగా 1.9 వెర్షను గల వేరొక సైటులో పునరుద్ధరించాలి.
* ఆ సైటు మొత్తాన్ని 2.2 వెర్షనుకు మార్చాలి. 1.9 నుండి నేరుగా 2.3కు వెళ్ళుట కుదరదు.
* అక్కడ విద్యార్థుల సమాచారంతో సహా కొత్త బ్యాకప్ తీసి, తరువాతి వెర్షనులో పునరుద్ధరించాలి.

కొత్త వెర్షనులో తీసిన బ్యాకప్ పాతదానిలో పనిచేస్తుందన్న హామీ లేదు. కనుక మార్కులన్నీ సరిచూచుకొనే వరకు పాత ఫైలును తొలగించరాదు.