మీకు తెలుసా? మందిరం గేటు దగ్గర నిలబడేవాళ్ల సంగతి

అమెరికాలోని టెక్సస్‌లో ఆరాధనకు తుపాకీ పెట్టుకుని వచ్చే వాలంటీర్లున్న సంఘాలు ఉన్నాయి. 2019 డిసెంబర్ 29న వైట్ సెటిల్‌మెంట్ ఊరి వెస్ట్ ఫ్రీవే చర్చిలో ఒకడు తుపాకీ తీసి ఇద్దరిని చంపాడు. భద్రతా బృందానికి శిక్షణ ఇచ్చిన జాక్ విల్సన్ ఒక్క గుండుతో వాణ్ని పడగొట్టాడు. అంతా ఆరు సెకన్లలో ముగిసింది. చనిపోయిన ఇద్దరిలో ఒకరు కూడా భద్రతా వాలంటీరే. తన తుపాకీ తీస్తుండగానే ఆయనకు గుండు తగిలింది.

ఈసీఐఎల్ నుంచి కీసర వెళ్లే దారిలో ఉన్న మన నాగారంలో ఆదివారం గేటు దగ్గర నిలబడే తమ్ముడి చేతిలో ఏముంటుంది? మహా అయితే ఒక విజిల్. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉండటమే నేరం. లైసెన్సు అడగాలంటే 21 ఏళ్లు నిండాలి. 2016 నియమాలు వచ్చాక తుపాకీని ఎలా దాచాలి, ఎలా మోయాలి, ఎలా కాల్చాలి అన్న భద్రతా శిక్షణ కూడా పూర్తి చేయాలి. లైసెన్సు ఉన్నా, మత స్థలాల్లో సంబరానికి తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది 2019 సవరణలో చేర్చిన మాట.

తుపాకీ లేకపోవడం లోటని నేననుకోను. మన తెలుగు నేల మీద చర్చిలకు వచ్చిన ముప్పు గుర్తు చేసుకోండి. 2000 జూన్ 8న ఒంగోలులో, తాడేపల్లిగూడెంలో చర్చిల దగ్గర బాంబులు పేలాయి. దీందార్ అంజుమన్ అనే సంస్థ పని అని దర్యాప్తులో తేలింది, 2001లో కేంద్రం ఆ సంస్థను నిషేధించింది. ఎవరూ చూడకుండా పెట్టి వెళ్లిన బాంబును నడుముకున్న పిస్టల్ ఏం చేస్తుంది? దాన్ని పట్టగలిగేది కన్నే.

శ్రీలంకలో 2019 ఈస్టర్ రోజు, బట్టికలోవా జియోను చర్చిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పెద్ద సంచితో వచ్చిన కొత్త మనిషిని చూసి రమేష్ రాజు అనే సంఘ సభ్యుడికి అనుమానం వచ్చింది. లోపలికి పోనివ్వకుండా ఆపాడు. బాంబు బయటే పేలింది. ఆయనతో పాటు చాలామంది, వాళ్లలో ఎందరో పిల్లలు, చనిపోయారు. లోపల వందలమంది ఉన్నారు. ఆయన చేతిలో ఏ ఆయుధమూ లేదు.

మనిషి కన్నుకు తోడు కెమెరా కూడా కావాలి. ఒకేసారి వందమంది, లేదా రోజుకు ఐదువందల మంది వచ్చే చోట, మత స్థలాలతో సహా, సీసీ కెమెరాలు ఉండాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. రికార్డింగు 30 రోజులు దాచాలి. కెమెరా పెట్టించిన సంఘాలు కూడా ఆ రికార్డింగు నిజంగా పడుతోందో లేదో నెలకోసారైనా చూసుకోవాలి.

వాలంటీర్లకు నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. యజమాని లేని సంచి కనిపిస్తే ముట్టుకోకుండా జనాన్ని దూరం జరపడం, 112కు ఫోన్ చేసి సందు పేరు, గుర్తు తడబడకుండా చెప్పడం, సండే స్కూల్ పిల్లల్ని ఏ దారిన బయటికి తేవాలో ఒకసారి నడిచి చూసుకోవడం. డిసెంబర్ 31 రాత్రి కొత్త సంవత్సర ఆరాధనకు మందిరం కిక్కిరిసిపోతుంది. ఆ రాత్రి వెనక తలుపు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో మీ సంఘంలో ఎంతమందికి తెలుసు?