చీర చూసింది ఇక్కడ... కొన్నది ఎక్కడ?

"వదినా! ఇవాళ కూడా ఒకావిడ వచ్చి డజను చీరలు విప్పించింది. ఫోటోలు తీసుకుని, ఆలోచించుకుని వస్తానంటూ వెళ్లిపోయింది. ఇంక రాదులే!"

2016లో మెల్‌బోర్న్ నుంచి మా ఆడపడుచు ఫోనులో అన్న మాటలివి. అక్కడ ఒక శివారులో ఆమెకు చీరలు, పిల్లల పట్టులంగాలు అమ్మే చిన్న కొట్టుంది. ఆ వచ్చినావిడ అదే రకం చీరని ఇంటర్నెట్‌లో వెతుక్కుని, ఇండియా నుంచి నేరుగా ఇంటికే తెప్పించుకుందట.

నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు ఆవిడ తప్పేమీ కనిపించలేదు. నాలుగు డబ్బులు తక్కువకొచ్చే చోట కొనడం ఇల్లాలి లక్షణమే కదా! కానీ ఆ ధర తేడాలో పన్నుకి కూడా వాటా ఉందని తర్వాత తెలిసింది.

ఆస్ట్రేలియాలో 2000 జూలై 1 నుంచి జీఎస్టీ ఉంది. పది శాతం. మా ఆడపడుచు వంద డాలర్ల చీర అమ్మితే దానిమీద పది డాలర్లు వేసి సర్కారుకి కట్టాలి. అదే చీర బయటిదేశం నుంచి పార్శిల్లో వస్తే? వెయ్యి డాలర్ల లోపు పార్శిళ్లకి, మద్యం, పొగాకు తప్ప, పన్నూ లేదు, సుంకమూ లేదు! పైగా కొట్టు అద్దె, కరెంటు, పనమ్మాయి జీతం ఈమెకే.

ఈ గొడవ ఆమె ఒక్కదానిదే కాదు. 2011 మొదట్లో గెర్రీ హార్వీ అనే పెద్ద వర్తకుడితో సహా అక్కడి వ్యాపారులు పేపర్లలో ప్రకటనలిచ్చి, ఈ వెసులుబాటు తీసేయమన్నారు. జనం ఊరుకుంటారా? "ఇన్నాళ్లూ ఎక్కువ ధరలకి అమ్మి, ఇప్పుడు మామీద పన్ను వేయమంటారా?" అని మండిపడ్డారు. అదే ఏడాది ప్రభుత్వ కమిషన్ ఒకటి లెక్కలు చూసి, అప్పటి పద్ధతిలో ప్రతి పార్శిలునీ ఆపి పన్ను వసూలు చేస్తే రాబడికన్నా ఖర్చే ఎక్కువని తేల్చింది.

కొట్టువాళ్ల విసుగు ఎంతదాకా వెళ్లిందంటే, 2013లో బ్రిస్బేన్‌లో గోధుమ పడనివాళ్లకి సరుకులమ్మే ఒక దుకాణంలో, ఊరికే చూసి వెళ్లేవాళ్లు అయిదు డాలర్లు ఇవ్వాలని బోర్డు పెట్టారు! ఏదైనా కొంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారట.

చివరికి 2018 జూలై 1 నుంచి చిన్న పార్శిళ్లకి కూడా పది శాతం పన్ను వచ్చింది. పార్శిలు ఆపక్కర్లేదు. ఆస్ట్రేలియా వాళ్లకి ఏడాదిలో 75 వేల డాలర్లకి మించి అమ్మే విదేశీ వ్యాపారులు, అమ్మకాల వేదికలు ధరతోపాటే వసూలు చేసి కట్టాలి. అమెజాన్ అలిగి, ఆస్ట్రేలియా వాళ్లకి తన అమెరికా అంగడి తలుపు మూసేసింది. అదే ఏడాది నవంబరులో మళ్లీ తెరిచింది.

మన దగ్గరా ఇలాంటి కథే జరిగింది. అయిదు వేల రూపాయల లోపు విదేశీ బహుమతులకి సుంకం లేదన్న నిబంధనని వాడుకుని, కొన్ని విదేశీ యాప్‌లు అమ్మిన సరుకునే "బహుమతి" పేరుతో పంపేవి. 2019 డిసెంబరులో ఆ వెసులుబాటు రద్దయింది. రాఖీలకి, ప్రాణాలు కాపాడే మందులకి మాత్రం మినహాయింపు ఉంచారు.

"మరి పన్ను వచ్చాక నీ కొట్టు నిండిందా?" అని మా ఆడపడుచుని అడిగాను.

"లేదు వదినా! పది డాలర్ల తేడా పోయింది, అద్దె పోలేదుగా. అప్పుడు నాకే తట్టింది, పార్శిలు చేయలేని పని నేను చెయ్యాలని" అంది. ఇప్పుడు ఫాల్ కుట్టి ఇస్తోంది. జాకెట్టు కొలతలు తీసుకుంటోంది. రంగు నచ్చకపోతే వారంలో మార్చి ఇస్తోంది. పండగ రెండు రోజులుందనగా పరుగెత్తుకొచ్చేవాళ్లకి ఆమే దిక్కు!

మనమూ ఇది గుర్తుంచుకుంటే మంచిది. విదేశం నుంచి ఏదైనా తెప్పించేముందు సుంకం, పోస్టేజి, తిప్పి పంపే ఖర్చు కలిపి చూసుకుందాం. అప్పుడు కూడా చవకైతే కొనుక్కోవచ్చు, తప్పులేదు. కానీ కొట్లో డజను చీరలు విప్పించాక, ధర తేడా ఎంతుందో ఆ కొట్టామెకి ఒక్క మాట చెప్పి చూద్దాం. తగ్గించగలిగితే తగ్గిస్తుంది.

ఏ మాటా చెప్పకుండా ఫోటో తీసుకుని వచ్చేస్తే మాత్రం... రేపు అర్జంటుగా ఒక ఫాల్ కావాలన్నా ఆ వీధిలో కొట్టుండదు!