విద్యాపాలనమున బడిపంతులు స్థానమెక్కడ?

పిల్లవాని చేయి పట్టి పలకమీద ఓనమాలు దిద్దించు పంతులుగారికి విద్యాపాలనమున ఓటు లేదు. ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చును. శాసనమండలిలో ఉపాధ్యాయులకు ప్రత్యేకస్థానములు లేవా యని వారడుగుదురు. ఉన్నవి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, మండలిసభ్యులలో ఇంచుమించు పండ్రెండవవంతు మందిని ఉపాధ్యాయులే యెన్నుకొనవలెనని 171వ అధికరణమున విధించినది. ఆంధ్రప్రదేశ్ మండలియందలి 58 స్థానములలో 5, తెలంగాణ మండలియందలి 40 స్థానములలో 3 ఇట్టివే. కాని ఆ అధికరణమే మరియొక నిబంధన చేర్చినది. మాధ్యమిక పాఠశాలకు తక్కువకాని విద్యాలయమున మూడేండ్లయినను బోధించినవారికే ఆ ఓటు. ఒకటవ తరగతి నుండి అయిదవ తరగతి వరకు చెప్పు ప్రాథమికోపాధ్యాయుడు వాకిటనే నిలువవలసినది. ఆయన ఉద్యోగమునకు ‘సెకండరీ గ్రేడు’ అని పేరు. ఓటువేళకు మాత్రము ఆయన సెకండరీ కాడు!

ఇదే ప్రభుత్వమునకు జనాభాలెక్కలకు, ఎన్నికలకు, విపత్తులకు ఆయన కావలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 27వ విభాగము ఈ పనులను బోధనేతరములలో మినహాయించి మరీ అనుమతించినది. పరుల వ్రేలికి సిరా పూయు చేతికి తన వృత్తివిషయమున ఓటు లేదు.

సరే, మండలి చట్టములను చర్చించునుగాని బడులను నడుపదు. నడుపు సంస్థలమాట యేమి? గ్రామమున కొంత మేలు. పై చట్టమే పాఠశాల నిర్వహణసంఘములను ఏర్పరచి, నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులకిచ్చి, మిగిలినదానిలో ఉపాధ్యాయులకును చోటు చూపినది. తల్లిదండ్రుల భాగమును తగ్గింపుడని మేమడుగుట లేదు. కాని మెట్లెక్కినకొలది పంతులు కనబడడు. పాఠ్యప్రణాళికను, మూల్యాంకనవిధానమును నిర్ణయించు అధికారసంస్థను ప్రభుత్వము ప్రకటించుకొనవచ్చునని 29వ విభాగము చెప్పుచున్నది; అందు తరగతిలో నిలుచువాడొకడు ఉండవలెనని చెప్పుట లేదు. 1993 నాటి చట్టముతో నేర్పడిన జాతీయ ఉపాధ్యాయవిద్యామండలిలో ఉపాధ్యాయులకు స్థానము కలదుగాని, వారిని నియమించునది కేంద్రప్రభుత్వమే. ఏలికలు పిలిచి కూర్చుండబెట్టినవాడు ఏలికలకు వినసొంపుగానే పలుకును.

భూములున్న మన పాఠకులకు ఒక మాట. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి వ్యవస్థల యాజమాన్యమును రైతులకప్పగించుచు చట్టము చేసినది. నీరు వాడుకొను రైతులు తమ సంఘమును ఎన్నుకొందురు. ఆ సంఘాధ్యక్షులు డిస్ట్రిబ్యూటరీ కమిటీలోను, దాని యధ్యక్షులు ప్రాజెక్టు కమిటీలోను కూర్చుందురు. ఎన్నికలు ప్రతిమారు సకాలమున జరుగలేదనుట వేరుమాట. తూము దగ్గర తెల్లవార్లు కాపున్నవానికే నీటి సంగతి తెలియునను న్యాయము మీరంగీకరించినదే. పాఠము ఏ పుటలో పిల్లవానికి అడ్డుపడునో, కోతలకాలమున ఏ యింటి పిల్ల బడి మానునో, రెండు బడులు కలిపిన యెంతదూరము నడువలేక చిన్నవాడు చదువు చాలించునో కాగితముమీద కనబడునా?

పంతుళ్లకు పీట వేసిన జీతములు, బదిలీలు తప్ప వేరు మాట యెత్తరని ఆక్షేపణ కలదు. అందు సత్యము లేకపోలేదు. సంఘముల మహాసభలను చూచినవారమే. అట్టి అంశము వచ్చినపుడు ఆ సభ్యుడు లేచి వెలుపలికి పోవలెనని నియమము వ్రాయుడు. రైతుసంఘమున రైతు తన మడికి ముందు నీరు మలచుకొనునని సంఘములనే తీసివేసితిమా?

మండలమున ప్రాథమిక, ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు రహస్యముగా ఓటువేసి తమవారి నెన్నుకొనవలెను. వారు జిల్లాకు, జిల్లావారు రాష్ట్రసంస్థలకు ప్రతినిధులను పంపవలెను. ఇది రాష్ట్రప్రభుత్వములు చేయదగిన పని. మండలి ఓటుమాట ఢిల్లీది. దానికి రాజ్యాంగసవరణ కావలెనని తప్పించుకొనుట చెల్లదు. పార్లమెంటు చట్టముచేత వేరువిధముగా నిర్ణయించువరకే పై కూర్పు నడచునని 171వ అధికరణము రెండవ ఖండమే చెప్పుచున్నది. సాధారణ చట్టమొకటి చాలును. మన పార్లమెంటు సభ్యులలో ఎవరేని ఆ బిల్లును ప్రవేశపెట్టవచ్చును.