గడ్డి మేసిందా అని అడిగితే చాలదు

నెయ్యి పచ్చగా ఉంటేనే స్వచ్ఛమైనదనీ, బయట మేసిన పశువు మాంసం ఎంత తిన్నా గుండెకు చేటు లేదనీ, కాచని పాలలోనే అసలు బలముందనీ ఒక నమ్మకం బాగా పాకింది. సీసాల మీద రాతల్లోనూ, ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ అదే కనిపిస్తోంది. పశువు తిన్నదే మనకు చేరుతుందన్నది దీనికంతటికీ మూలం. ఆ మాట అబద్ధం కాదు, కానీ దాన్ని ఎంతదాకా సాగదీయొచ్చన్నదే తగువు. చీరాల, వేటపాలెం నుంచి బాపట్ల, రేపల్లె, తెనాలి దాకా పశువుల మేత ఎలా ఉంటుందో చూస్తే ఆ తగువు తేలిగ్గానే తీరుతుంది.

ముందు నిజమున్నంత వరకూ ఒప్పుకుందాం. పచ్చిగడ్డిలో బీటా కెరోటిన్ ఉంటుంది, ఒమేగా-3 కొవ్వూ కొంత ఉంటుంది. పచ్చిక మేసిన ఆవు పాలలో ఈ రెండూ పెరుగుతాయి. 2016లో బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ పోగేసి చూశారు. సేంద్రియ పద్ధతిలో వచ్చిన పాలలోనూ మాంసంలోనూ ఒమేగా-3 మామూలు వాటికంటే దాదాపు సగం ఎక్కువని తేలింది. ఆ పశువులు ఎక్కువగా పచ్చిక మేయడమే దానికి ముఖ్య కారణమన్నారు. బాగానే ఉంది, కానీ సగం ఎక్కువంటే ఎంతకు సగం? నెమరువేసే పశువు తిన్న ఒమేగా-3లో చాలా భాగాన్ని దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే సంతృప్త కొవ్వుగా మార్చేస్తాయి. వంద గ్రాముల మాంసంలో చివరికి మిగిలేది మిల్లీగ్రాముల లెక్కే. అదే ఈ తీరంలో చవగ్గా దొరికే కవళ్ల లాంటి నూనె చేపల్లో వంద గ్రాములకు గ్రాము దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. ఒమేగా-3 కోసమే అయితే సముద్రం పక్కన ఉన్నవాళ్లు ఖరీదైన సీసా కొనడం వింతే.

ఇక నెయ్యి రంగు సంగతి. గేదె తాను తిన్న కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది, అందుకే దాని పాలూ వెన్నా తెల్లగా ఉంటాయి. ఆవు కొంత కెరోటిన్‌ను అలాగే పాలలోకి వదులుతుంది కాబట్టి దాని నెయ్యి పసుపు పచ్చగా ఉంటుంది. తెల్లగా ఉన్నంత మాత్రాన గేదె నెయ్యి కల్తీ కాదు, పచ్చగా ఉన్నది స్వచ్ఛమనీ చెప్పలేం. రంగు కలపడం ఏమంత కష్టం?

అసలు మన డెల్టాలో గడ్డంటే చాలా నెలలు వరిగడ్డే. ఎండిన వరిగడ్డిలో కెరోటిన్ దాదాపు ఉండదు, మాంసకృత్తులు నూటికి నాలుగు పాళ్లకు మించవు. వరి కోతల ముందు పొలంలో చల్లే పిల్లిపెసర, జనుము ఉన్నన్నాళ్లే పశువు నోటికి పచ్చదనం. మిగతా రోజుల్లో పాలివ్వాలంటే తవుడూ, చెక్కా, పప్పుల పొట్టూ పెట్టాల్సిందే. పాల కేంద్రంలో ధర కట్టేది వెన్న శాతాన్ని, ఇతర ఘనపదార్థాల శాతాన్ని బట్టి. ఏ మేత మేసిందని అక్కడ ఎవరూ అడగరు. కాబట్టి ‘గడ్డి మేసిన పశువు’ అన్న ముద్ర వరిగడ్డి తిన్న గేదెకూ చెల్లుతుంది. దాణా పెట్టకపోవడమే సహజమనుకుంటే, పాడిపశువును పస్తులుంచడాన్నే మెచ్చుకుంటున్నట్టు.

మేత వల్ల నిజంగా భయపడాల్సినది మరొకటుంది. దాని గురించి ఏ సీసా మీదా రాయరు. వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క చెమ్మ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. పశువు ఆ చెక్క తింటే దాని రూపాంతరమైన అఫ్లాటాక్సిన్ ఎం1 పాలలోకి దిగుతుంది. పాలు కాచినా అది పోదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. వాటిలో 368 నమూనాల్లో ఇది పరిమితి దాటింది. ఎక్కువమంది భయపడే నీళ్లకూ యూరియాకూ ఇక్కడ సంబంధం లేదు, తప్పంతా నిల్వలో ఉంది. కోస్తాలో వానలూ తుపానులూ తగిలే నెలల్లో చెక్క బస్తా ఎక్కడ పెట్టారన్నది పాల రంగు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

మాంసం విషయంలో ‘గడ్డి మేసిన’ అన్న ముద్ర మనకు అసలే అతకదు. అది పుట్టింది అమెరికాలో. అక్కడ పశువులను చివరి నెలల్లో పెద్ద దొడ్లలో కట్టి మొక్కజొన్నతో బలుపెక్కిస్తారు, దానికి ఎదురుగా వచ్చిన మాట ఇది. మన నెల్లూరు గొర్రెలు ఎక్కువగా గట్ల మీదా బీళ్లలోనూ కోసిన పొలాల్లోనూ మేసి పెరిగినవే. వాటి మాంసంలో ఇనుము, జింక్, బి12 ఉన్న మాట నిజం. అవి దాణా తిన్న జీవాల మాంసంలోనూ ఉంటాయి. ఏం మేసినా సంతృప్త కొవ్వు సంతృప్త కొవ్వే.

కాచని పాల సంగతి ఎక్కువ చర్చ అక్కర్లేనిది. కాస్తే పోయేది కొన్ని విటమిన్లలో కొంత భాగమే, కాల్షియం గానీ మాంసకృత్తులు గానీ ఎక్కడికీ పోవు. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్, పశువుల క్షయ మనిషికి అంటుకోగలవు. పాలలోని ఒక మాంసకృత్తి రకాన్ని బట్టి ఎ1, ఎ2 అని విడదీసి ఎ2 పాలే మేలనే మోజూ దాదాపు ఇలాంటిదే. ఎ1 పాలు జబ్బులు తెస్తాయనడానికి రుజువు చాలదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లోనే తేల్చింది. పైగా గేదె పాలు ఎలాగూ ఎ2 రకమే.

తాతలు నెయ్యి తాగి నూరేళ్లు బతికారు కదా అంటారు. బతికినవాళ్లే మనకు గుర్తుంటారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్లు. అది పసిమరణాలతోనూ అంటువ్యాధులతోనూ పడిపోయిన లెక్క కాబట్టి నెయ్యి చెడ్డదనడానికీ అది సాక్ష్యం కాదు. అలాగని మంచిదనడానికీ కాదు. పెద్ద చెంచాడు నెయ్యిలో ఎనిమిది గ్రాములకు పైగా సంతృప్త కొవ్వుంటుంది. రెండు వేల కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 22 గ్రాములు. పాలూ మాంసమూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మరి పచ్చిమేత పెట్టే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువివ్వడం దండగా అంటే, కాదు. పిల్లిపెసర వేళ్ల బుడిపెలు నేలకు నత్రజనినిస్తాయి, పచ్చిమేత దొరికిన పశువు ఆరోగ్యంగా ఉంటుంది, సమయానికి ఎదకొస్తుంది. ఎక్కువ ధర అడగడానికి ఈ కారణాలు చాలు. గుండెజబ్బు రాదని చెప్పి అమ్మాల్సిన పనిలేదు.